మామగారిని పడవెక్కించండి, మిగతావాళ్లని వంతెన మీద నిలబెట్టండి

రేవు కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేము నేపర్‌విల్‌లో ఉంటాం. నేనూ, ఇద్దరు స్నేహితులూ కలిసి కిందటేడు 28 అడుగుల పాత సెయిల్‌బోట్ ఒకటి కొన్నాం. చలికాలమంతా చికాగో నది దక్షిణ పాయ మీద ఉన్న ఒక యార్డ్‌లో స్టాండ్ల మీద ఉంది. మే నెలలో దాన్ని మిషిగన్ సరస్సు ఒడ్డునున్న మన్రో హార్బర్‌లో మాకిచ్చిన మూరింగ్‌కి చేర్చాలి. దారిలో డౌన్‌టౌన్ వంతెనలన్నీ మా కోసం లేస్తాయట కదా! అమలాపురం నుంచి మా అత్తగారు, మామగారు వచ్చి ఉన్నారు. మామగారికి 69 ఏళ్లు. ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యారు, కొన్నాళ్లు కాలువ మట్టం మారే చోట పడవల్ని ఎక్కించి దించే లాకు దగ్గర డ్యూటీ కూడా చేశారు. పిల్లలతో కలిపి మొత్తం తొమ్మిది మందిమి, పులిహోర కట్టుకుని సరదాగా వెళ్దామనుకుంటున్నాం. మా స్నేహితుడేమో మాస్టు (తెరచాప కట్టే నిలువు స్తంభం) దించి పడుకోబెట్టుకుని వెళ్తే వంతెనల గొడవే ఉండదంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు తొమ్మిది మంది సంగతి. వద్దు బాబూ. నలుగురు చాలు. పడవ పట్టక చెప్తున్న మాట కాదు. ఆ రోజు మీరు వెళ్లేది పని మీద. చుక్కాని దగ్గర ఒకరు, ముందు ఒకరు, చెరో పక్కా తాళ్ల దగ్గర ఒక్కొక్కరు ఉండాలి. ఐదో మనిషి ఎక్కాడంటే ఎవరో ఒకరి కాళ్ల కింద తాడు తొక్కుతూ, ఫొటోలు తీస్తూ ఉంటాడు. పులిహోర మాత్రం తీసుకెళ్లండి, ఒంటి చేత్తో తినేలా పొట్లాలు కట్టించండి.

మాస్టు దించే ఆలోచన వినడానికి బాగుంటుంది. వంతెనలు మూసి ఉన్నప్పుడు కింద ఖాళీ పదహారు, పదిహేడు అడుగుల దాకా ఉంటుంది కాబట్టి మాస్టు పడుకోబెట్టిన పడవ ఏ రోజైనా వెళ్లిపోవచ్చు, నిజమే. కానీ అవతల హార్బర్‌లో దాన్ని నిలబెట్టేదెవరు? క్రేన్ ఉన్నది మీ యార్డ్‌లో. మాస్టు నిలబెట్టి, వైర్లు బిగించి, పైన దీపం వెలుగుతోందో లేదో చూసే మనుషులూ అక్కడే ఉన్నారు. మూరింగ్ అంటే సరస్సులో పడవ కట్టుకోవడానికి తేలే ఒక బోయా, దానికో గొలుసు, అంతే. అక్కడ నలభై అడుగుల అల్యూమినియం గొట్టాన్ని చేతుల్తో లేపి నిలబెట్టడం ఎవరి వల్లా కాదు. మాస్టు యార్డ్‌లోనే నిలబెట్టించుకుని, వంతెనలు లేచే రోజే బయల్దేరండి.

ఆ రోజులు మనం నిర్ణయించేవి కావు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ చివరి దాకా బుధవారాలు, శనివారాలు ఉదయం పూట వంతెనలు లేపుతారు. శనివారం ఎనిమిదికి, బుధవారం తొమ్మిదిన్నరకి మొదలుపెట్టడం వాడుక. ఆ ఏటి పట్టిక యార్డ్‌లో అతికించి ఉంటుంది, చూసుకోండి. ఒక్క పడవ కోసం ఎవరూ మిషిగన్ అవెన్యూ ట్రాఫిక్ ఆపరు, పడవలన్నీ ఒక గుంపుగా వెళ్లాలి. మీ పేరు ముందుగా యార్డ్‌లో ఇస్తే వాళ్లే రాయిస్తారు. శనివారం రద్దీ ఎక్కువ. కొత్తవాళ్లు ఆఫీసుకి సెలవు పెట్టి అయినా బుధవారం వెళ్లడం మంచిదని నా లెక్క. ముందూ వెనకా పడవలు తక్కువగా ఉంటే గుండె దడ కూడా తగ్గుతుంది.

నగరం దగ్గర ప్రతి వంతెనకీ ఒక మనిషి ఉండడు. కొన్ని జట్లే ఉంటాయి. ఒక జట్టు ఒక వంతెన లేపి, మన గుంపు దాటాక దించి, వ్యాన్ ఎక్కి మనకంటే ముందుకి పోయి ఇంకోటి లేపుతుంది. ఆష్‌లాండ్ అవెన్యూ దగ్గర మొదలైతే సరస్సు దాకా ఇరవై పైచిలుకు వంతెనలున్నాయి. మధ్యలో రైలు వంతెనలు కూడా తగులుతాయి. కెనాల్ స్ట్రీట్ దగ్గరి ఆమ్‌ట్రాక్ వంతెన తలుపులా తెరుచుకోదు, రెండు స్తంభాల మధ్య మొత్తం నిలువుగా పైకి పోతుంది. రైలు వస్తోందంటే మనం ఆగాల్సిందే. అందుకే దూరం అయిదారు మైళ్లే అయినా సగం పూట పడుతుంది. ఏ వంతెనో మొరాయించిందంటే అంతే సంగతులు, గుంపంతా అక్కడే నిలబడిపోతుంది.

ఆ నిలబడటమే అసలు పరీక్ష. సెయిల్‌బోట్‌కి బ్రేకులుండవు. ముందు పదిహేను పడవలు, వెనకాల ఓ టూర్ బోటు, పక్కన కయాకుల్లో కుర్రాళ్లు, రెండు పక్కలా కాంక్రీటు గోడలు, పైనుంచి బిల్డింగుల మధ్య దూరి వచ్చే గాలి. మేడిసన్, వాషింగ్టన్, రాండాల్ఫ్, లేక్ స్ట్రీట్ వంతెనలు ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. లేక్ స్ట్రీట్ దాటగానే నది కుడివైపుకి తిరుగుతుంది. ఇంతసేపూ లేని గాలి అక్కడ ఒక్కసారిగా ముఖాన కొడుతుంది, పడవ ముక్కు పక్కకి పోతుంది. ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి చేతులు కట్టుకుని కూర్చోకండి. కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి ఆడిస్తూ నది మధ్యలోనే ఉండండి. వంతెన రెక్కలు పూర్తిగా నిలువయ్యే దాకా కిందకి పోవద్దు. మాస్టు చివర ఉన్న యాంటెనా మీకు కనిపించదు, రెక్కకి మాత్రం తగులుతుంది. నదిలో ఎవరూ తెరచాప ఎత్తరు, మొత్తం ఇంజన్ మీదే. ముందు వైపు తెరచాపని చుట్టి తాడుతో గట్టిగా కట్టేయండి. గాలికి అది సగం విప్పుకుంటే వెల్స్ స్ట్రీట్ వంతెన దగ్గర ఆగిన రైల్లో జనానికి మంచి సినిమా.

అంటే ప్రాణమంతా ఇంజన్‌లో ఉంది. పడవని నీళ్లలోకి దించిన రోజే బయల్దేరకండి. ముందు రోజు దింపించి, లిఫ్ట్ పట్టీలు ఇంకా పడవ కింద ఉండగానే లోపలికి దిగి టార్చి వేసి చూడండి. నీళ్లు లోపలికి వచ్చే ప్రతి గొట్టం దగ్గరా, ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికెళ్లే చోటా వేలు పెట్టి తడి చూడండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి వెనక్కి వెళ్లి పొగ గొట్టం దగ్గర కూర్చోండి. చలికాలంలో గడ్డకట్టకుండా పోసిన గులాబీ రంగు మందు ముందు వస్తుంది. కాసేపటికి రంగు పలచబడి, దగ్గుతున్నట్టు ఆగి ఆగి మామూలు నీళ్లు పడతాయి. ఆ నీళ్లు పడకపోతే ఇంజన్ వెంటనే ఆపేయండి. చల్లబరిచే పంపులో చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. ఆరు నెలలు కదలకుండా ఉండేసరికి దాని రెక్కలు వంగి అలాగే బిగుసుకుపోతాయి. కొత్తది వేయించండి, దాని ఖరీదు పెద్ద లెక్కలోది కాదు. డీజిల్ ఫిల్టర్ కూడా మార్చండి. పాత పడవ ట్యాంకు అడుగున మడ్డి తప్పకుండా ఉంటుంది. పడవ ఊగితే అది లేచి సరిగ్గా ఫిల్టర్‌కే అడ్డం పడుతుంది. నదిలో ప్లాస్టిక్ సంచులు తేలుతుంటాయి. నీళ్లు లాగే గొట్టానికి ఒకటి అతుక్కుందంటే ఇంజన్ వేడెక్కిపోతుంది, కాబట్టి వేడి చూపే ముల్లు మీద ఒక కన్నుంచండి. లంగరు లోపల పెట్టెలో దాచకుండా ముందు భాగంలో చేతికందేలా పెట్టండి. నదిలో ఇంజన్ ఆగిపోతే మిమ్మల్ని ఆపేది అదొక్కటే.

ఇన్సూరెన్స్ కాగితం కూడా ఓసారి చదవండి. ఈ ప్రాంతంలో చాలా పాలసీల్లో పడవ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఒడ్డునే ఉండాలని రాసి ఉంటుంది. ఆ గడువు తీరకుండా నీళ్లలోకి దించి ఏదైనా అయితే రూపాయి రాదు. ఒక్క ఫోన్‌తో పోయే పని.

ఇప్పుడు మీ మామగారి విషయం. ఆయన్ని తప్పకుండా తీసుకెళ్లండి. నలుగురిలో ఆయన ఒకరు.

ఎందుకంటే నది చివర లాకుంది. 1900లో ఈ నది ప్రవాహాన్ని వెనక్కి తిప్పారు. ఊరి మురుగు తాగునీటి సరస్సులోకి పోకుండా కాలువ తవ్వి నదిని దానివైపు మళ్లించారు. అప్పట్నుంచి సరస్సు ఎత్తులో, నది పల్లంలో ఉంటున్నాయి. తేడా మామూలుగా రెండు నుంచి అయిదడుగులు. 1938లో కట్టిన లాకు ఆ రెంటికీ మధ్య నిలబడింది. ఆరువందల అడుగుల పొడవు, ఎనభై అడుగుల వెడల్పు. గోదావరి డెల్టాలో పడవని దించడానికీ ఎక్కించడానికీ ఏం చేసేవారో ఇక్కడా అదే పని, కాకపోతే అమెరికా సైన్యం ఇంజనీర్ల విభాగం చేస్తుంది. పైసా తీసుకోరు. తలుపులు మాత్రం మనవాటిలా ఉండవు. కేకు ముక్క ఆకారంలో పెద్ద ఇనప తలుపులు, గోడల్లోకి తిరిగి పోతాయి. నీళ్లు నింపడానికి విడిగా తూములు లేవు, సరస్సు వైపు తలుపులనే కాస్త ఓరగా తెరుస్తారు. మీ మామగారు చూడగానే అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది, జవాబు ముందే చెప్పి ఆయన ఆనందం పాడుచేయకండి.

లోపలికి వెళ్లాక గోడ మీద నుంచి తాళ్లు వేలాడుతుంటాయి. తాడుని పట్టుకోవాలి, పడవకి ముడి వేయకూడదు. మనం పైకి లేస్తుంటాం కాబట్టి తాడు వదులవుతుంది, దాన్ని చేత్తో లాక్కుంటూ ఉండాలి. ముడి వేస్తే, నీళ్లతో పాటు లేచే పడవలో వదులైన తాడు ఏ కొక్కేనికో తట్టుకుంటుంది, పడవ గోడని వదిలి పక్క పడవ మీదకి పోతుంది. దిగేటప్పుడైతే ఇంకా ప్రమాదం, పడవ తాడుకి వేలాడుతుంది. ఆ తాళ్లు నాచు పట్టి జారుతుంటాయి, చేతి తొడుగులు కొనండి. పడవ గోడకి రాసుకోకుండా వేలాడదీసే ఫెండర్లు రెండు పక్కలా కట్టండి, ఏ గోడ పక్కకి పొమ్మంటారో చివరి నిమిషం దాకా తెలీదు. వెనక తాడు మీ మామగారికి ఇవ్వండి. మట్టం పెరుగుతుంటే తాడు ఎంత వదలాలో, ఎంత లాగాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మీ స్నేహితులకి మాత్రం మొదట్నుంచీ చివరి దాకా చెప్పాలి.

అందరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి, మామగారితో సహా. «గోదాట్లో ఈత కొట్టినవాణ్ణి, నాకెందుకురా» అంటారు. మే నెలలో మిషిగన్ సరస్సు నీళ్లు ఏడు నుంచి పది డిగ్రీల సెల్సియస్ ఉంటాయి. అంత చల్లటి నీళ్లలో పడ్డవాడికి మొదటి నిమిషం ఊపిరి మీద అదుపు ఉండదు, ఈత గురించి ఆలోచన తర్వాత. ఈ మాట అల్లుడు చెప్తే వినరు, మీ ఆవిడ చేత చెప్పించండి. మంకీ క్యాప్, స్వెటరు, పైన గాలి ఆపే కోటు. బాత్రూమ్ పని యార్డ్‌లోనే కానివ్వండి. పడవలోది ఇంకా చలికాలం మందుతో ఉంటుంది, అదీగాక మిషిగన్ సరస్సులోకి ఏదీ వదలడానికి వీల్లేదు.

లాకు దాటి కుడివైపు తిరిగితే మన్రో హార్బర్ పక్కనే. అలల్ని ఆపే గోడ, అదే బ్రేక్‌వాటర్, లోపలే ఉంటారు కాబట్టి పెద్ద అలలుండవు. మూరింగ్‌ని గాలికి ఎదురుగా వెళ్లి అందుకోండి. పక్క పడవలన్నీ ఎటు ముక్కు పెట్టి ఉన్నాయో చూస్తే గాలి ఎటుందో తెలుస్తుంది. ముందున్న మనిషి దగ్గర కొక్కెం కర్ర ఉండాలి, కట్టాల్సిన తాళ్లు అప్పటికే ముందు కొక్కేలకి తగిలించి సిద్ధంగా ఉండాలి. మొదటిసారి అందకపోతే వంగి వంగి పట్టుకోబోయి ఎవరూ నీళ్లలో పడొద్దు, ఒక చుట్టు తిరిగి మళ్లీ రండి. ఒడ్డుకి తీసుకెళ్లడానికి టెండర్ బోటు వస్తుంది. ఊగే పడవలోంచి ఊగే బోటులోకి అడుగు వేయాలి. ఆ ఒక్క అడుగు కోసమే అత్తగారిని ఈ ట్రిప్పుకి వద్దంటున్నాను.

ఆవిడా, పిల్లలూ, మిగతావాళ్లూ పొద్దున్నే నేపర్‌విల్‌లో మెట్రా రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగాలి. ఆ స్టేషన్ నది ఒడ్డునే. బయటికొస్తే ఒక పక్క ఆడమ్స్ వంతెన, ఇంకో పక్క జాక్సన్ వంతెన. లేచే వంతెన మీద కాకుండా దాని పక్క వంతెన మీద నిలబడితే, ఇది లేచి అల్లుడి పడవ వెళ్లడం, ఆ వెనకాలే గంట మోగి తాము నిలబడ్డ వంతెన మీంచి అందర్నీ దింపేయడం, రెండూ చూస్తారు. పడవ పని అయ్యాక మీరూ అదే స్టేషన్‌కి నడిచి వచ్చి రైలెక్కండి. యార్డ్‌కి పొద్దున ఎవరి చేతనైనా దింపించుకోండి, కారు అక్కడ వదిలితే మళ్లీ దాని కోసం ఇంకో ప్రయాణం. అత్తగారిని జులైలో, గాలి లేని సాయంత్రం, మీ టెండర్ అడుగు అలవాటయ్యాక తీసుకెళ్లండి.

ప్రశ్న: నేను షాంబర్గ్ నుంచి రాస్తున్నాను. మావారు పడవని నీళ్లలో దించే రోజు పూజ చేసి కొబ్బరికాయ కొట్టాలని మా అమ్మ పట్టు. కొత్త కారుకి చేసినట్టు నిమ్మకాయలు కూడా పెట్టాలంటోంది. యార్డ్ వాళ్లు ఏమంటారోనని మావారికి టెన్షన్. ఎలా చేయాలి?

జవాబు: చెయ్యండమ్మా, మీ అమ్మగారి మాటే నెగ్గనివ్వండి. యార్డ్ వాళ్లు ఇంతకంటే వింతలు చూసుంటారు. వాళ్ల వాళ్లే షాంపేన్ సీసాలు పగలగొడతారు. గాజు ముక్కలతో పోలిస్తే కొబ్బరికాయ ఎంతో మేలు.

కాయని పడవకి కొట్టొద్దు, కింద కంకర మీద రాయికి కొట్టండి, చిప్పలు ఏరి సంచిలో వేసుకోండి. నదిలోకీ, హార్బర్‌లోకీ ఏదీ విసరొద్దు, పూలు కూడా. అగరొత్తులు వెలిగించేముందు మాత్రం యార్డ్ మనిషిని అడగండి. పక్కన ఎవరో పెయింటు వేస్తూ ఉంటారు, డీజిల్ డబ్బాలు ఉంటాయి.

నిమ్మకాయలు పడవకి కుదరవు, దానికి చక్రాలు లేవు కదా! దాన్ని ఎత్తి తెచ్చే ట్రావెల్ లిఫ్ట్‌కి మనిషెత్తు టైర్లుంటాయి. ఆపరేటర్‌ని నవ్వుతూ అడిగితే నాలుగు నిమ్మకాయలు తొక్కించడానికి ఒప్పుకోవచ్చు. ఆయనకి ఓ లడ్డూ పొట్లం ఇవ్వండి, అరోరా గుడి ప్రసాదమైతే ఇంకా మంచిది.

ఒక్కటే జాగ్రత్త. పసుపు, కుంకుమ పడవ తెల్ల ఫైబర్ మీద నేరుగా పెట్టొద్దు. కొత్తగా పాలిష్ పెట్టించి ఉంటే కాస్త నయం, లేకపోతే సన్నటి గీతల్లోకి దిగి పట్టేస్తుంది. పసుపు ఎండకి కొన్నాళ్లకి వెలిసిపోతుంది గానీ కుంకుమ రంగుకి ఆ హామీ లేదు. ఒక చిన్న స్టీలు పళ్లెం ముందు భాగంలో టేపుతో అంటించి బొట్టు దాని మీద పెట్టమనండి. మీ అమ్మగారు ముందు ముఖం మాడ్చుకుంటారు, తర్వాత ఊళ్లో అందరికీ అదే ఐడియా చెప్తారు.

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయి చికాగోలో ఉంటాడు. వచ్చే ఏప్రిల్ ఆఖర్లో అక్కడికి వెళ్తున్నాం. మీ శీర్షికలో ఈ వంతెనల గురించి చదివాను. పడవ లేనివాళ్లు ఎక్కడ నిలబడి చూడొచ్చు? అంత బరువు వంతెనని ఎలా లేపుతారు?

జవాబు: శనివారం ఉదయం మిషిగన్ అవెన్యూ వంతెన దగ్గరికి వెళ్లండి. 1920లో తెరిచిన రెండంతస్తుల వంతెన, ఇప్పుడు దాని పేరు డూసాబల్ వంతెన. దాని నైరుతి మూల బురుజులో చిన్న మ్యూజియం ఉంది. వంతెన లేచే సమయానికి అక్కడ ఉండగలిగితే పళ్ల చక్రాలు తిరగడం దగ్గర్నుంచి చూడొచ్చు. అన్ని రోజులూ తెరవరు, అబ్బాయిని ముందే కనుక్కోమనండి. పడవలు దక్షిణ పాయ మీదనుంచి వస్తాయి కాబట్టి ఎనిమిదింటికే వచ్చి చలిలో నిలబడక్కర్లేదు, ఆ వంతెన వంతు వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తుంది. ఏప్రిల్ ఆఖరంటే పడవలు కాస్త తక్కువే ఉంటాయి, మే నెల దాకా ఉండేట్టయితే ఆగండి.

లేపే రహస్యం మోటారులో లేదు. రోడ్డున్న రెక్క నదివైపు ఎంత బరువుందో, ఇరుసుకి అవతలి వైపు, మనకి కనిపించని గుంటలో అంత బరువు కాంక్రీటు, ఇనుము కట్టి ఉంచుతారు. రెండూ సరితూగుతాయి కాబట్టి మోటారు చేసేది కొద్దిపాటి పనే. చలికాలం మంచు, ఎండాకాలం కొత్త తారు, రోడ్డు బరువుని మార్చినప్పుడల్లా ఆ లెక్క సరిచేస్తుండాలి. ఈ పద్ధతిలో ఊళ్లో మొదటిది 1902 నాటి కోర్ట్‌లాండ్ స్ట్రీట్ వంతెన. అది ఇప్పుడు లేవదు, కార్లు మాత్రం వెళ్తున్నాయి.

ప్రశ్న: పడవని తిరిగి యార్డ్‌కి ఎప్పుడు తీసుకెళ్లాలి? అక్టోబరు ఆఖరు దాకా ఎండలు బాగుంటాయి కదా. – అరోరా నుంచి ఒక పాఠకుడు

జవాబు: హార్బర్ గడువు అక్టోబరు 31. అందరూ మీలాగే ఆలోచిస్తారు కాబట్టి ఆఖరి వారం వంతెనల గుంపు తిరునాళ్లలా ఉంటుంది. పైగా అప్పటికి ఈశాన్యం నుంచి పెద్ద గాలులు మొదలవుతాయి. ఆ గాలికి మూరింగ్ మీదున్న పడవ దగ్గరికి టెండర్ కూడా రాలేకపోవచ్చు. అక్టోబరు మొదటి రెండు వారాల్లో ఒక బుధవారం రాయించుకోండి. తిరుగు ప్రయాణంలో లాకులో కిందకి దిగుతారు, అప్పుడు తాడు వదులుతూ ఉండాలి, లాగకూడదు. మురుగు ట్యాంకు హార్బర్‌లో ఉండగానే ఖాళీ చేయించండి. డీజిల్ ట్యాంకు మాత్రం నింపేసి పెట్టండి, ఖాళీ ట్యాంకు లోపలి గోడలకి చలికాలమంతా చెమ్మ పడుతుంది.